ఫైర్‌ఫ్లై మళ్లీ సినిమాగా వస్తుందని ఆశ పెట్టుకోవచ్చా? (స్పాయిలర్లు ఉన్నాయి)

రాత్రిబండి:
నిన్న రాత్రికి ఫైర్‌ఫ్లై టీవీ సీరియల్ నాలుగోసారి పూర్తిచేశాను, 14 ఎపిసోడ్లు, ఆ తర్వాత దానికి కొనసాగింపుగా 2005లో వచ్చిన సెరెనిటీ సినిమా. ఇంకా నిద్ర పట్టలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

చూడనివాళ్ల కోసం: యుద్ధంలో ఓడిపోయిన పక్షంలో పోరాడిన మాల్ ఒక పాత సరుకు ఓడ కొనుక్కుని, దొరికిన పనల్లా చేస్తూ అంతరిక్షంలో బతుకు లాగిస్తుంటాడు. ఓడలో మొత్తం తొమ్మిది మంది. గ్రహాంతరవాసులు లేరు. బయట గాలి లేదు కాబట్టి సీరియల్‌లో ఓడ వెళ్తుంటే చప్పుడు కూడా వినిపించదు, ఆ నిజాయితీకే నేను పడిపోయాను. మొదటి కథలో ఓడ ఎక్కిన బుక్ అనే పాస్టర్ ఛార్జీ కింద ఇచ్చిన పెట్టెలో ఇంజన్ చూసుకునే కేలీకి స్ట్రాబెర్రీ దొరుకుతుంది, దాన్ని ఆమె తినే తీరు చూస్తే చాలు, వీళ్లకు తాజా పండు ఎంత అపురూపమో తెలిసిపోతుంది.

నాకు కావాల్సింది పెద్ద యుద్ధం సినిమా కాదు. అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తినే ఆ ఓడ కావాలి. రెండు మూడు చిన్న సినిమాలు తీసినా చాలు. అత్యాశా?

లెక్కలమనిషి:
అత్యాశ కాదు గానీ డబ్బు సంగతి చూడాలి బ్రో. సెరెనిటీకి దాదాపు 3.9 కోట్ల డాలర్లు ఖర్చయితే ప్రపంచమంతా కలిపి వచ్చిన వసూళ్లు దాదాపు 4 కోట్లు. థియేటర్ల వాటా తీసేస్తే నష్టమే. పైగా సీరియల్ తీసింది ఫాక్స్ వాళ్లు, 2019లో అది డిస్నీ చేతికి వెళ్లింది. సినిమా తీసింది యూనివర్సల్. ఇద్దరూ ఒక మాట మీదకు రావాలి కదా.

అసలు తప్పు 2002లోనే జరిగింది. పరిచయ కథని పక్కనపెట్టి రెండో కథతో మొదలుపెట్టారు, 11 ఎపిసోడ్లు వేసి ఆపేశారు, పరిచయ కథని డిసెంబర్ 20న అన్నిటికంటే చివర వేశారు. ఎవరు ఎవరో తెలియకుండా జనం ఎలా చూస్తారు? డీవీడీల్లో వరసగా చూసినప్పుడే అభిమానులు పెరిగారు.

పాతటీవీ:
డబ్బు మాట వచ్చింది కాబట్టి స్టార్ ట్రెక్ సీరియల్ సంగతి చెప్పాలి. 1969లో 79 ఎపిసోడ్ల తర్వాత ఆపేశారు. పునఃప్రసారాల్లో జనం పట్టుకున్నారు, పదేళ్లకు, 1979లో, మొదటి సినిమా వచ్చింది, ఖర్చు 4 కోట్ల డాలర్లు దాటింది. 1982లో రెండోదాన్ని దాదాపు 1.2 కోట్లతో, మొదటి సినిమాలోని కొన్ని షాట్లు మళ్లీ వాడుకుని తీశారు. ఈ రోజుకీ అభిమానులు ఎక్కువమంది నెత్తిన పెట్టుకునేది ఆ రెండోదాన్నే. కాబట్టి రాత్రిబండి గారు అడిగిన చిన్న సినిమా జరగనిదేమీ కాదు. ఫైర్‌ఫ్లైలోనే 'ఔట్ ఆఫ్ గ్యాస్' చూడండి, ఇంజన్‌లో ఒక పార్ట్ పోతుంది, గాలి అయిపోతుంటుంది, మిగతావాళ్లని పంపేసి మాల్ ఒక్కడే ఓడలో ఉండిపోతాడు. దాదాపు అంతా ఆ ఓడలోనే, ఎంత ఊపిరాడనివ్వదు!

కేలీ_చెల్లి:
నాది డబ్బు బాధ కాదు అన్నా. ఓడ నడిపే వాష్ సినిమాలో చనిపోయాడు. బుక్ పాత్ర వేసిన రాన్ గ్లాస్ 2016లో నిజంగానే కన్నుమూశారు. ఆ బల్ల దగ్గర ఖాళీ కుర్చీలు చూడగలమా? పాత కాలంలో కథ పెడదామంటే నటులందరి వయసూ అప్పటికంటే ఇరవై ఏళ్లకు పైనే పెరిగిపోయింది. కొత్తవాళ్లని పెడితే నేను చూడను, ఖచ్చితంగా చెప్తున్నాను.

రాత్రిబండి:
చెల్లీ, నీ బాధే నాదీ. వాష్ పోయిన చోట ఈసారి కూడా సినిమా ఆపి కాసేపు లేచి వెళ్లిపోయాను. కానీ 2014 కామిక్స్‌లో వాష్ భార్య జోయీకి కూతురు పుడుతుంది, పేరు ఎమ్మా. అంటే వాష్ కూతురు! వయసుని దాచాల్సిన పనే లేదు, ఇరవై ఏళ్ల తర్వాత నుంచే కథ మొదలుపెట్టొచ్చు. తండ్రిని ఎప్పుడూ చూడని పిల్ల ఆయన ఓడ నడిపిన కుర్చీలో కూర్చుంటుంది, పక్కన వాష్ ఆడుకున్న డైనోసార్ బొమ్మలు. జోయీ వెనక నిలబడి చూస్తుంటుంది, ఏమీ మాట్లాడదు. నాకు ఆ ఒక్క సీన్ చాలు.

కేలీ_చెల్లి:
అన్నా… ఆ బొమ్మలు గుర్తు చేశావు. సరే, ఇది తీస్తే మొదటి రోజే వెళ్తాను.