300 ఎంబీపీఎస్ ప్లాన్‌కి డాక్సిస్ 3.1 మోడెమ్ దండగేనా?

గాలిపటం:
మా ఇంట్లో ఉన్నది డాక్సిస్ (కేబుల్ టీవీ వైరు మీద ఇంటర్నెట్ నడిపే ప్రమాణం) 3.0 మోడెమ్. డౌన్‌లోడ్‌కి 16 చానళ్లు, అప్‌లోడ్‌కి 4. ఒక స్నేహితుడి 3.1 మోడెమ్ తెచ్చి, మా కనెక్షన్ మీద రిజిస్టర్ చేయించి రెండు రోజులు వాడాను. స్పీడ్ టెస్టులో పాతది 318, కొత్తది 321. కానీ ఆ రెండు రోజులూ మా ఆవిడ వీడియో కాల్ ఒక్కసారి కూడా బిగుసుకుపోలేదు. ఇది నా భ్రమా, నిజంగానే తేడా ఉందా?

పాతవైరు:
దండగేనండీ. 6 మెగాహెర్ట్జ్ చానల్ ఒక్కోటి దాదాపు 38 ఎంబీపీఎస్ మోస్తుంది. 16 చానళ్లంటే 600 పైమాటే. మీ ప్లాన్‌కి అందులో సగం చాలు. ముందు లైన్ చూసుకోండి. బ్రౌజర్‌లో 192.168.100.1 కొడితే చాలా మోడెముల్లో సిగ్నల్ పేజీ తెరుచుకుంటుంది. డౌన్‌లోడ్ పవర్ మైనస్ 7 నుంచి ప్లస్ 7 డీబీఎంవీ మధ్య ఉంటే మంచిది, ఎస్ఎన్ఆర్ (రొదతో పోలిస్తే సిగ్నల్ ఎంత బలంగా ఉందో చెప్పే అంకె) 33 డీబీ దాటాలి. మా ఇంట్లో టీవీ వెనక ఎవరూ వాడని స్ప్లిటర్ (ఒక వైరు సిగ్నల్‌ని పంచే డబ్బా) ఒకటి ఏళ్ల తరబడి ఉండిపోయింది. రెండు దారుల స్ప్లిటర్ అంటే ఒక్కో దారికి సుమారు 3.5 డీబీ పోయినట్టే. అది పీకేసి వైరు నేరుగా బిగించాక కొత్త మోడెమ్ ఊసే ఎత్తలేదు.

రాత్రిడ్యూటీ:
పాతవైరు గారూ, లెక్క సరే, కొలిచేదే వేరు. స్పీడ్ టెస్టు చెప్పేది గొట్టం ఎంత వెడల్పో. కాల్ ఆగేది క్యూలో. ఫోన్ ఫొటోలను క్లౌడ్‌కి ఎక్కిస్తుంటే మోడెమ్ బఫర్ (డేటా తన వంతు కోసం ఆగే చోటు) నిండిపోతుంది, మీ మాట ఆ ఫొటోల వెనక నిలబడుతుంది. 3.1 మోడెములో ఆ క్యూని అదుపు చేసే ఏక్యూఎం తప్పనిసరి, 3.0లో కాదు. 2021లో అమెరికా కేబుల్ కంపెనీ కామ్‌కాస్ట్ ప్రచురించిన కొలతల్లో, అప్‌లోడ్ జోరుగా సాగుతున్నప్పుడు ఏక్యూఎం లేని మోడెములో ఆలస్యం సుమారు 250 మిల్లీసెకన్లు, ఉన్నదాంట్లో 15 నుంచి 30. గాలిపటం గారు చూసింది భ్రమ కాదు.

చిప్‌సెట్:
ఒక మాట కలుపుతాను. చానళ్లు ఎక్కువుంటే మంచి మోడెమ్ అనుకోవద్దు. ఇంటెల్ ప్యూమా 6 చిప్ ఉన్న 32 చానళ్ల మోడెముల్లో పింగ్ (డేటా వెళ్లి తిరిగొచ్చే సమయం) ఉన్నట్టుండి ఎగిరిపోయే లోపం 2016లో బయటపడింది. వాటికంటే వేరే చిప్ ఉన్న 16 చానళ్ల మోడెమే గేములకి నయం. డబ్బా మీద అంకె కాదు, లోపలి చిప్ ఏదో కనుక్కోండి.

పాతవైరు:
ఏక్యూఎం మాట ఒప్పుకుంటాను. కానీ దానికి మోడెమే మార్చాలా? రౌటర్‌లో ఎస్‌క్యూఎం (అదే పనిని రౌటర్‌లో చేసే సెట్టింగ్) ఉంటే అప్‌లోడ్‌ని అసలు వేగంలో 90 శాతానికి కట్టేయండి. క్యూ మోడెములో కాకుండా రౌటర్‌లో ఏర్పడుతుంది, అక్కడ దాన్ని సర్దేవాడుంటాడు.

గాలిపటం:
ఇప్పుడే పాత మోడెముతోనే చూశాను. పెద్ద వీడియో ఒకటి అప్‌లోడ్‌కి పెట్టి పక్కన పింగ్ నడిపాను. మామూలుగా 14 మిల్లీసెకన్లు ఉండేది 380కి పోయింది. ఎస్‌క్యూఎం పెట్టాక 26 దగ్గర నిలిచింది. స్పీడ్ టెస్టు మాత్రం 318 నుంచి 240కి పడింది, మా రౌటర్ ప్రాసెసర్ అంతకు మించి లాగలేకపోతోంది. కాల్ కోసం ఆ 78 వదులుకోవడానికి మా ఆవిడ సిద్ధం, నేనే ఇంకా తేల్చుకోలేదు.

రాత్రిడ్యూటీ:
డౌన్‌లోడ్ వైపు ఎస్‌క్యూఎం తీసేసి, అప్‌లోడ్‌కి మాత్రమే ఉంచి చూడండి. మీ ఇబ్బంది అటువైపే కదా.