చెస్ ఆట ముగిసిన వెంటనే పిల్లల ముందు ఇంజన్ పెట్టాలా?

కరకంబాడి నాన్న:
మా వాడికి పదకొండేళ్లు, రేటింగ్ 1462. పోయిన ఆదివారం చెన్నైలో ఆఖరి రౌండు. చేతిలో ఒక బంటు ఎక్కువ ఉంది కదా, గెలిచేస్తాడని నేను బయట కాఫీ కూడా తాగేశాను. వీడు ఏనుగులు మార్చుకుని రాజు, బంటు మాత్రమే మిగిలే ముగింపులోకి దిగాడు. డ్రా. తిరుగు బస్సులో స్కోర్‌షీటు తీసి ఎత్తులన్నీ ఫోనులో ఎత్తుల మంచిచెడ్డలు లెక్కగట్టే ఇంజన్ స్టాక్‌ఫిష్‌కు ఎక్కించాను. నగరిలో మొదలుపెట్టి పుత్తూరు దాటేదాకా ఒక్కో తప్పూ చూపించాను. ఏనుగు మార్చింది 38వ ఎత్తులో. అంతకు ముందు గెలుపు, ఆ తర్వాత సున్నా, అంటే సమానం. వాడు అన్నిటికీ తల ఊపి కిటికీ వైపు తిరిగి కళ్లు మూసుకున్నాడు. "ఆ ఫోను లోపల పెట్టండి" అంది మా ఆవిడ. తప్పును వేడి మీదే చూపించాలని నా వాదన. మీరేమంటారు?

ఏడో వరుస ఏనుగు:
తిరుపతిలో చాలా ఏళ్లుగా పిల్లలకు నేర్పుతున్నాను. మీ ఆవిడ మాటే సరైనది. మీరు చూపించింది తీర్పు, కారణం కాదు. ముందు రెండు సంగతులు చెప్పండి. ఆ బంటు అంచు వరుసలోదేనా? 38వ ఎత్తుకు మీ వాడు ఎంతసేపు ఆలోచించాడు?

కరకంబాడి నాన్న:
అంచు బంటే. ఎత్తుల పక్కన గడియారం సమయం రాసే అలవాటు ఉంది కాబట్టి చెప్పగలను. 37 దగ్గర 51 నిమిషాలు, 38 దగ్గర కూడా 51 నిమిషాలే రాసుకున్నాడు.

ఏడో వరుస ఏనుగు:
చూశారా! ఆటలో ఒక్కొక్కరికి తొంభై నిమిషాలు, ఎత్తుకు ముప్ఫై సెకన్లు అదనం. చేతిలో 51 నిమిషాలు పెట్టుకుని పిల్లవాడు నిమిషన్నరైనా ఆలోచించకుండా ఆటను తేల్చే ఎత్తు ఆడాడు. ఏ ఇంజనూ ఈ మాట చెప్పదు. దానికి తెలిసింది బల్ల మీది పావులే, బల్ల ముందు కూర్చున్న పిల్లవాడు కాదు. బంటు ఎక్కువుంటే పావులు మార్చుకోమని ఎవరో చెప్పి ఉంటారు, నేనూ చెబుతాను. అంచు బంటు దగ్గర ఆ సూత్రం బోల్తా కొడుతుంది. ఎదుటి రాజు ఆ బంటు చేరాల్సిన మూల గడికి చేరుకున్నాడంటే వాణ్ని అక్కడి నుంచి కదపలేం. బంటును తోసుకుంటూ పోతే చివరికి ఎదుటివాడికి చెక్ ఉండదు, ఆడేందుకు ఎత్తూ ఉండదు. ఆట డ్రా. సున్నా సున్నా అని ఫోను చూపిస్తే పిల్లవాడికి ఇది బోధపడదు. గుకేశ్ గ్రాండ్‌మాస్టర్ అయ్యేదాకా అప్పటి కోచ్ విష్ణు ప్రసన్న ఆయన్ను దాదాపుగా ఇంజన్ ముట్టనివ్వలేదు.

చిత్తూరు అమ్మ:
మాస్టారూ, ఆ విష్ణు ప్రసన్న గారే ఒక గ్రాండ్‌మాస్టర్. పక్కనే అలాంటి మనిషి ఉంటే నేనూ ఫోను బీరువాలో పెట్టి తాళం వేస్తాను. కోనేరు హంపి 15 ఏళ్లకు, 2002లోనే గ్రాండ్‌మాస్టర్ అయిందని కూడా చెప్పబోతారు. వాళ్ల నాన్న అశోక్ గారు ఉద్యోగం మానేసి నేర్పారు. నేను మానేస్తే ఇంటి వాయిదా ఎవరు కడతారు? మా పాపకు ఇక్కడి కోచ్ గుర్రాన్ని బలి ఇచ్చే ఓపెనింగ్ (ఆట ఆరంభపు ఎత్తుల వరస) ఒకటి నేర్పారు. చిన్న రేటింగ్ పిల్లల మీద ఆరు నెలలు చక్కగా పనిచేసింది. తర్వాత వరసగా నాలుగు ఆటలు పోయాయి. ఆ బలికి ప్రతిఫలమేమీ లేదని కనిపెట్టింది ఇంజనే. మాస్టారు తప్పు చెబితే పట్టుకునే దారి మాకు వేరే ఏముంది?

ఏడో వరుస ఏనుగు:
అమ్మా, ఒప్పుకుంటున్నాను. ఓపెనింగ్ తప్పులు ఇంజన్‌తో చూసుకోవాల్సిందే, నా పాఠాలు కూడా. నేను కాదంటున్నది బస్సులో చూడటాన్ని. ఓడిన రోజు వద్దు. మర్నాడు పిల్లవాడే తన స్కోర్‌షీటు బల్ల మీద ఆడి, ఎక్కడ ఏమనుకున్నాడో పెన్సిల్‌తో రాయాలి. మీరు దిద్దకండి. ఇంజన్ మూడో రోజున, వాడు రాసిన ప్రశ్నలకు మాత్రమే.

గాంధీ రోడ్డు తాతయ్య:
రేటింగ్ లెక్క కూడా ఈ కంగారుకు ఒక కారణం. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు రేటింగ్ 2300 దాటనంత వరకు, ఒక్కో ఆటకు రేటింగ్ ఎంత మారాలో తేల్చే కె విలువ 40. సమాన రేటింగ్ వాడి చేతిలో ఓడితే ఒక్క ఆటకే 20 పాయింట్లు పోతాయి, గెలిస్తే 20 వస్తాయి. సాయంత్రానికి పెద్దవాళ్ల ముఖాలూ ఆ లెక్క ప్రకారమే మారిపోతుంటాయి. మా మనవడు టోర్నమెంటు హాలు నుంచి బయటికి రాగానే ముందు వాళ్ల నాన్న ముఖం చూస్తాడు, తర్వాతే చెప్పులు వెతుక్కుంటాడు.

చిత్తూరు అమ్మ:
తాతయ్య గారూ, చెప్పుల మాట మాత్రం నాకు గుచ్చుకుంది. మూడో రోజు అంటే మంగళవారం, ఆ రోజు బడి, ట్యూషన్. అయినా చూస్తాను.

కరకంబాడి నాన్న:
వారం తర్వాత రాస్తున్నాను. ఏనుగు గారు చెప్పినట్టే బల్ల మీద ఆ ముగింపు పెట్టాను. బస్సులో తల ఊపినవాడు "ఇది గెలుపే" అన్నాడు! నా బస్సు పాఠం ఏమైందో వెంకన్నకే తెలియాలి. ఎదురుగా వాళ్లమ్మ కూర్చుంది. ఆమెకు రాజు ఎలా నడుస్తాడో తప్ప ఇంకేమీ తెలియదు. మూల గడి దగ్గరే అటూ ఇటూ తిరగమని మాత్రం చెప్పాను. నాలుగు సార్లు బంటును తోశాడు, నాలుగు సార్లూ డ్రా. ఐదోసారి పెరుగన్నం గిన్నె పక్కకు జరిపి, బల్లను తిప్పి తనే మూలలో కూర్చుని ఆడాడు. ఆ తర్వాత పెన్సిల్ అడిగి, 38 పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు.

ఇప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. నిన్నటి నుంచి ఎవరితో ఆడినా ఏనుగులు మార్చుకోనని మొండికేస్తున్నాడు. మాస్టారూ, దీనికేమిటి మందు?