ఆర్టికల్‌లో తప్పులు పోవాలంటే మనమే నేర్చుకోవాలా, ఏఐతో దిద్దించేస్తే సరిపోద్దా?

సాగర్‌నగర్_అక్షరం:
అందరికీ నమస్తే అండీ. మేం కొంతమందిమి కలిసి వైజాగ్ మీద ఒక చిన్న వెబ్ పత్రిక నడుపుతున్నాం, జీతాలేం లేవు, ఇష్టంతోటే రాస్తాం. ఇప్పుడు మాలో మాకు ఒక గొడవ నడుస్తోంది. సగం మంది ఏమంటున్నారంటే ఆర్టికల్ రాసేసి ఏఐకి ఇచ్చి తప్పులు దిద్దమంటే నిమిషంలో దిద్దేస్తది, ఇంకా వ్యాకరణం అనీ ప్రూఫ్ అనీ కూర్చుంటే నెలకొక్క ఆర్టికల్ కూడా బయటికి రాదు అని. నేను ఒప్పుకోవట్లేదు. మొన్న ఆర్కే బీచ్ దగ్గర ఉన్న కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం మీద ఒక పీస్ వచ్చింది, అలా దిద్దించి పంపిందే, ఒత్తులన్నీ చక్కగా ఉన్నాయి, కానీ మ్యూజియం 2020లో మొదలైందని ఉంది. అది 2002 కదా! కింద పేరాలోనే 2001లో నేవీ నుంచి రిటైర్ చేసి ఆ మరుసటి ఏడాదే మ్యూజియం చేశారని కూడా ఉంది. ఆ రెండు లైన్లూ ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయని దానికి తట్టలేదు, పంపినాయనా చూడలేదు. రాసేవాడి కన్నే గట్టిపడాలి అంటాను నేను. మీరేమంటారు? ఊరికే బాగా చదవండి, ప్రాక్టీస్ చెయ్యండి అని కాకుండా మీరు నిజంగా ఏం చేస్తారో చెప్పండి ప్లీజ్.

గాజువాక_కంటెంట్:
నేను అవతలి సగం అండీ, చెప్పేస్తా. 2020 అని పడ్డం గ్రామర్ తప్పు కాదు, ఫ్యాక్ట్ చెక్ చెయ్యకపోవడం, ఆ రెంటినీ కలిపేసి టూల్‌ని తిట్టడం కరెక్ట్ కాదు. నేను రోజూ క్లయింట్లకి రాస్తా, టూరిజం, హాస్పిటల్స్, ఫ్లాట్ల యాడ్స్, ఒక్కోరోజు సాయంత్రానికి నాలుగు పీసులు ఇవ్వాలి. నాలాంటోళ్ళు చదివింది ఇంగ్లీష్ మీడియం, తెలుగు ఒక సబ్జెక్టు, అందులో సవర్ణదీర్ఘ సంధి సూత్రం బట్టీ పట్టించారు, ఇప్పటికీ ఒప్పజెప్పగలను. కానీ ఆ సూత్రం 'బాధ'లో ఒత్తు ఎక్కడ పెట్టాలో చెప్పలేదు కదా. టూల్ చెప్తది. పైగా భాష అంటే జనం మాట్లాడేదే, వ్యాకరణం కాదు అని మన ఉత్తరాంధ్ర గిడుగు రామమూర్తి గారే జీవితమంతా కొట్లాడారు, ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే కదా తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. మళ్ళీ మనం వెనక్కెళ్ళి వ్యాకరణం పుస్తకాలు తియ్యాలా?

మద్దిలపాలెం_టీచర్:
బాబూ, గిడుగు వారిని ఇందులోకి లాగారు కాబట్టి చెప్పకతప్పదు. ఆయన కొట్లాడింది జనానికి అర్థంకాని గ్రాంథికం మీద, జాగ్రత్తగా రాయడం మీద కాదు. గ్రాంథికమే రాయాలన్న పండితుల రాతలు తీసి, మీరు చెప్పే నియమాలు మీరే ఇదిగో ఇక్కడ తప్పారు, ఇక్కడ తప్పారు అని ఏరి చూపించిన మనిషి ఆయన. అంత నిశితంగా ప్రూఫ్ చూసినవాళ్ళు తెలుగులో ఎంతమంది ఉన్నారు? సవర గిరిజనుల దగ్గర సవర భాష నేర్చుకుని, దానికి నిఘంటువు, వ్యాకరణం తయారుచేసినాయన వ్యాకరణం వద్దంటారా! జనం భాషకీ నియమం ఉంది, అది చూసి రాయండి అన్నారాయన.

ఇక సంధి సూత్రాలు ఆర్టికల్‌కి పెద్దగా పనికిరావు అన్నారు, అక్కడ మీతో నాకు పేచీ లేదు. ఆర్టికల్‌కి కావాల్సిన గ్రామర్ వేరు. ఈ వాక్యం చూడండి, ఇలాంటివి రోజూ వస్తున్నాయి (జీవీఎంసీ అంటే మన విశాఖ నగరపాలక సంస్థ): 'జీవీఎంసీ అధికారులచే బీచ్ రోడ్డులో నిర్వహించబడిన కార్యక్రమంలో సుమారు 50 మంది వరకు విద్యార్ధులు పాల్గొనడం జరిగింది.' మీ టూల్ ఇందులో ఏం చేస్తది? 'విద్యార్ధులు'లో ధ తీసి థ పెడతది, అయిపోయింది అంటది. మిగతాదో? 'సుమారు' అన్నాక మళ్ళీ 'వరకు' ఎందుకు, 'చే' ఎందుకు, 'బడిన' ఎందుకు, పాల్గొన్నారు అంటే తెగిపోయేదానికి 'పాల్గొనడం జరిగింది' ఎందుకు. బీచ్ రోడ్డులో జీవీఎంసీ అధికారులు పెట్టిన కార్యక్రమానికి ఓ 50 మంది విద్యార్థులు వచ్చారు, అంతే కదా విషయం. ఇంకోటి, వాక్యం పొడుగైతే కర్త ఎవరో మర్చిపోతున్నారు, 'కార్మికులు' అని మొదలెట్టి మధ్యలో యాజమాన్యం గురించి ఒక మాట చెప్పి చివరికి 'డిమాండ్ చేసింది' అని దించేస్తున్నారు. పెన్సిల్ తీసుకుని ప్రతి వాక్యంలో చేసింది ఎవరు, ఏం చేశారు అని రెండు మాటల కింద గీత పెట్టుకోండి, ఆ రెండూ కలవకపోతే అక్కడ విరగ్గొట్టండి. నా పిల్లలకి నేను చేయించేది ఇదే, దీనికి సూత్రాలు బట్టీ పట్టక్కర్లేదు.

గాజువాక_కంటెంట్:
మేడం, ఆ వాక్యాన్ని బాగా అడిగితే ఏఐ కూడా మీరు రాసినట్టే రాస్తది. అడగడం రావాలంతే.

మద్దిలపాలెం_టీచర్:
అక్కడ 'బడిన' అక్కర్లేదని మీకు ముందు తెలిస్తేనే కదా బాబూ అడుగుతారు.

బేగిరండి_పెందుర్తి:
నా గొడవ వేరే అండీ. మాది టెక్కలి వైపు, ఉండేది పెందుర్తి. హుద్‌హుద్ తుఫాను మీద, అదే 2014 అక్టోబర్ 12న వచ్చింది, ఒక జ్ఞాపకం రాసినాను. ఆ రోజు గురించి మా పెద్దమ్మ చెప్పిన మాట అందులో ఉంది: 'గాలొచ్చీసింది, ఏటీ కనిపించలేదు, గుంటల్ని ఎత్తుకుని బేగి ఎల్లిపోనాం' అని. తప్పులు దిద్దమని ఏఐకి ఇస్తే అది 'తీవ్రమైన గాలులు వీచాయి, ఏమీ కనిపించలేదు, పిల్లలను తీసుకుని త్వరగా వెళ్ళిపోయాము' అని చేసి పెట్టింది. మా పెద్దమ్మ అలా ఎప్పుడైనా మాట్లాడిందా? సరే అది మిషను, దానికి తెలీదు అనుకుందాం. ఆర్టికల్ పంపిన చోట మనుషులు కూడా అదే చేసినారు, 'వచ్చీసింది' తప్పు, 'వచ్చేసింది' అని. అది తప్పేటండీ? మా వైపు లక్షల మంది అలాగే అంటారు. గ్రామర్ నేర్చుకోండి అంటే నాకు భయమేటంటే, చివరికి అందరం ఒకే పేపర్ తెలుగులోకి వచ్చీవలసిందేనా అని.

పాతప్రూఫ్_డాబాగార్డెన్స్:
అమ్మా, పెద్దమ్మ గారి మాట ఎవరూ ముట్టుకోకూడదు. మేం పనిచేసిన చోట అది మొదటి రూలు, కొటేషన్ గుర్తుల లోపల ప్రూఫ్‌రీడర్ పెన్ను పెట్టకూడదు, డౌటొస్తే రాసినవాళ్ళని పిలిచి అడగాలి. మీరు ఈసారి పంపేటప్పుడు పైన ఒక లైను రాయండి, 'మాటలు యథాతథం, మార్చవద్దు' అని. పద్ధతి తెలిసిన డెస్కయితే, అంటే కాపీ దిద్దేవాళ్ళయితే, ఆగుతారు.

నేను లెటర్‌ప్రెస్ అంటే సీసం అక్షరాలు పేర్చి అచ్చేసే రోజుల్నుంచి ప్రూఫులు దిద్దుతున్నాను, తర్వాత పేజ్‌మేకర్, అను ఫాంట్లు అని కంప్యూటర్లో పేజీలు కట్టే రోజులు, ఇప్పుడు ఫోన్లలో, నెట్లో అంతా వాడే యూనికోడ్. ఏది మారినా పని మారలేదు. మొదట్లో సాగర్‌నగర్ పాప అడిగింది కాబట్టి మేం ఎలా చేసేవాళ్ళమో చెప్తాను. ఇద్దరు కూర్చునేవాళ్ళం. ఒకడి చేతిలో ఒరిజినల్, వాడు పైకి చదవాలి, కాపీ హోల్డర్ అంటారు వాణ్ణి. రెండోవాడు ప్రూఫ్ మీద పెన్ను ఆనించి కూర్చుంటాడు. చదివేవాడు మాటలే కాదు, కామా అంటాడు, ఫుల్‌స్టాప్ అంటాడు, పేరా అంటాడు. మనిషి పేరొచ్చినా ఊరి పేరొచ్చినా అక్షరం అక్షరం విడగొట్టి పలకాలి, అంకెలైతే 'రెండు సున్నా సున్నా రెండు' అని ఒక్కొక్కటీ చెప్పాలి. రెండువేల రెండు అని గబుక్కున అనేస్తే 2020 కూడా అందులో కలిసి దాటిపోద్ది. ఎందుకింత అంటే, మన రాత మనం చదివేటప్పుడు కన్ను చదవదు, మనం ఏం రాయాలనుకున్నామో అదే బుర్రలో వినబడిపోద్ది.

'మెడ మీద నుంచి పడి కూలీ మృతి' అని హెడ్డింగ్ వచ్చిందనుకోండి. మేడ అని ఉండాలి. కానీ మెడ కూడా మాటే కదా, స్పెల్ చెకర్ ఎర్ర గీత పెట్టదు. ఇంగ్లీషు అక్షరాలతో టైప్ చేసే కొన్ని పద్ధతుల్లో పెద్ద E కొడితే ఎత్వానికి దీర్ఘం వస్తది, చిన్న e కొడితే రాదు, షిఫ్ట్ మీద వేలు జారితే చాలు. పైకి చదివితే మాత్రం దొరికిపోద్ది, నోరు అక్కడ ఆగిపోతది. అందుకని నా మాట ఏంటంటే, ఏఐ వాడుకో బాబూ, వద్దనను, కానీ ఆఖరి చదువు మనిషి నోటితోనే జరగాలి, అదీ వేరే మనిషైతే మరీ మంచిది.

మద్దిలపాలెం_టీచర్:
మాస్టారూ, మీరు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం, ఒక్క చోట తప్ప. పైకి చదివితే థ, ధ తేడా దొరకదు. మనలో చాలామంది 'అర్థం' అని రాసున్నా 'అర్ధం' అనే పలుకుతాం, 'కథ'ని 'కధ' అనే అంటాం, చెవికి తప్పు తెలియదు. ఫోన్లో కూడా ఆ పలికినట్టే డీ హెచ్ కొట్టేస్తారు, టీ హెచ్ కొట్టాలి అక్కడ. అర్ధం అంటే సగం అయిపోయింది కదా, అదీ మాటే, ఎర్ర గీత రాదు. దీనికి కన్నే దిక్కు. కథ, అర్థం, గ్రంథం, అనాథ, ప్రథమ, విద్యార్థి, వీటన్నిటికీ థ అని ఒక కాగితం మీద రాసి స్క్రీన్ పక్కన అంటించుకోండి. 'శత్రువు'కి క్రావడి, అంటే ర ఒత్తు, వట్రసుడి (ృ) కాదు. 'ఉచ్చారణ'లో చ కింద చ ఒత్తే, 'స్వచ్ఛం'లో మాత్రం ఛ ఒత్తు. ఎవరికి ఏది అలవాటుగా తప్పుతుందో అదే వాళ్ళ కాగితం మీద ఉండాలి, పక్కవాళ్ళ లిస్టు మీకు పనికిరాదు. ఆర్టికల్ పూర్తయ్యాక ఆ మాటలొక్కటే ఫైండ్‌లో కొట్టి వెతకండి, పెద్ద టైం పట్టదు.

సాగర్‌నగర్_అక్షరం:
ఇది చాలా బాగుంది మేడం. మాస్టారూ, ఒక డౌట్ అండీ, మా దగ్గర కొందరు సాఫ్ట్‌వేర్, ఆన్‌లైన్ లాంటివి రాస్తే కొన్నిసార్లు న కింద ల ఒత్తు పడి 'ఆన్లైన్' అని అతుక్కుపోయి వస్తోంది, కొన్నిసార్లు విడిగా వస్తోంది, ఒకే ఆర్టికల్‌లో రెండు రకాలు. అది తప్పు కింద లెక్కా? ఇంకోటి, ఒకరు రుషికొండ, ఒకరు ఋషికొండ, ఒకే పీసులో విశాఖపట్నం, విశాఖ, వైజాగ్ మూడూ ఉంటున్నాయి.

పాతప్రూఫ్_డాబాగార్డెన్స్:
తప్పే అమ్మా, చదివేవాడికి అడ్డం పడుతుంది. పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అని కంటికి కనబడని ఒక గుర్తు ఉంటది, అది పడితే రెండు అక్షరాలు విడిగా నిలబడతాయి, పడకపోతే రెండోది ఒత్తయిపోద్ది. వేరే చోట నుంచి కాపీ చేసి తెచ్చినప్పుడు ఒక్కోసారి అది ఎగిరిపోద్ది. అను ఫాంటులో ఉన్న పాత మేటర్ యూనికోడ్‌లోకి మారిస్తే ఇంకా జాగ్రత్త, ఒత్తులు పక్క అక్షరానికి అంటుకుంటాయి, అలాంటిది మొత్తం మళ్ళీ చదవాల్సిందే, షార్ట్‌కట్ లేదు.

రుషికొండా ఋషికొండా అంటే, ఏదో ఒకటి పట్టుకోండి. పెళ్ళి, పెళ్లి రెండూ నడుస్తాయి, మీ పత్రికలో మాత్రం ఒకటే నడవాలి. ఒక పేజీ స్టైల్ షీట్ రాసుకోండి, ఊళ్ళ పేర్లు, కేజీహెచ్ (కింగ్ జార్జ్ హాస్పిటల్) లాంటి పొట్టి పేర్లకి చుక్కలుండాలా వద్దా, అంకెలు ఎలా, లక్షలూ కోట్లూ ఎలా, ఇవన్నీ. ఈనాడు పుట్టిందే 1974లో మన విశాఖలో, డెస్కుల్లో పనిచేసి రిటైరైన పెద్దలు ఈ ఊళ్ళో ఉన్నారు, వెతికి ఒకరిని కూర్చోబెట్టుకుంటే మీకు ఒక్క పూటలో స్టైల్ షీట్ అయిపోద్ది.

బేగిరండి_పెందుర్తి:
ఆ స్టైల్ షీట్‌లో మా మాటలకి కూడా ఒక భాగం పెట్టండి అక్కా. 'వచ్చీసింది', 'ఎల్లిపోనాం', 'ఏటి' ఇవి ఎలా రాయాలో మాలో మాకే ఒక పద్ధతి లేదు, ఒకే కథనంలో ఒకచోట 'ఎల్లి' ఇంకోచోట 'ఎళ్ళి' అని రాసేవాళ్ళని నేనే చూసినాను. మాండలికానికి కూడా ప్రూఫ్ కావాలి, పేపర్ తెలుగులోకి మార్చడం కాకుండా.

సాగర్‌నగర్_అక్షరం:
తప్పకుండా పెడతాం. ఆ భాగం మీరే రాసివ్వండి, నేను మా వాళ్ళందరికీ పంపుతా.

గాజువాక_కంటెంట్:
మీరందరూ చెప్పింది చదివాను, ఆ మెడ, మేడ సంగతి నిజమే, ఇవాళే రెండు పాత పీసులు పైకి చదివి చూస్తా. కానీ నా పాయింట్ అలాగే ఉంది అండీ. పాతరోజుల్లో ప్రూఫ్‌కి ఇద్దరు మనుషులకి జీతం ఇచ్చేవాళ్ళు, ఇప్పుడు ఒక్క మనిషే రాయాలి, దిద్దాలి, ఫోటో పెట్టాలి, పోస్ట్ చెయ్యాలి, రేటు మాత్రం పీసుకి ఇంతని. అంత డబ్బులూ అంత టైమూ ఇవ్వనివాళ్ళు తప్పుల్లేని తెలుగు కావాలంటే అది కుదరదు. ఒత్తుల వరకు నేను టూల్‌కే ఇస్తాను. మాస్టారూ, మరీ టైం లేకపోతే, పది నిమిషాలే ఉంటే, ఏది చూడమంటారు?

పాతప్రూఫ్_డాబాగార్డెన్స్:
టైం ఇవ్వట్లేదన్నది మాత్రం న్యాయమైన మాట బాబూ, దానికి నా దగ్గర జవాబు లేదు. పది నిమిషాలే ఉంటే ముందు మనుషుల పేర్లు, తర్వాత అంకెలు, తారీఖులు. ఆ తర్వాత హెడ్డింగ్, ఫోటో కింద లైను, ఇవి రెండూ విడిగా, అక్షరం మీద వేలు పెట్టి. పెద్ద అక్షరాల్లో తప్పుంటుందని ఎవరూ అనుకోరు, అందుకే దాటిపోయేది అక్కడే. టైం మిగిలితే మొదటి పేరా పైకి చదువు.