అప్‌డేట్: ఆబ్లివియన్‌లో లెవల్ పెరిగేకొద్దీ క్యారెక్టర్ ఎందుకు బలహీనపడుతుంది?

ఆబ్లివియన్ అనే వీడియో గేమ్‌లో లెవల్ 15 దాటాక మామూలు శత్రువులు కూడా చావడం లేదు, అదే సిరీస్‌లో తర్వాత వచ్చిన స్కైరిమ్‌లో ఇలా ఉండదు, ఎందుకని ఇంతకుముందు అడిగాను. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్. తేలింది ఇది.

2006 ఆబ్లివియన్‌లో మేజర్ స్కిల్స్ (మొదట్లో మనం ఎంచుకున్న ముఖ్య నైపుణ్యాలు) కలిపి 10 పాయింట్లు పెరిగాక మంచమెక్కి నిద్రపోతే లెవల్ వస్తుంది. అప్పుడు పెంచుకోవడానికి మూడు యాట్రిబ్యూట్లు (బలం, ఓర్పు లాంటి మూల లక్షణాలు) ఎంచుకోవాలి. అసలు చిక్కంతా ఇక్కడే. ఉదాహరణకు ఎండ్యూరెన్స్ (ఓర్పు) తీసుకుంటే, ఆ లెవల్‌లో దాని కిందికొచ్చే స్కిల్స్ (ఆర్మరర్ అంటే ఆయుధాలు, కవచాలు రిపేర్ చేయడం; బ్లాక్; హెవీ ఆర్మర్) కలిపి 1-4 పాయింట్లు పెరిగితే దానికి +2 బోనస్, 5-7 అయితే +3, 8-9కి +4, 10కి +5. ఒక్కటీ పెరగకపోతే +1 మాత్రమే. మైనర్ స్కిల్స్ (మిగతావి) కూడా ఈ లెక్కలోకి వస్తాయి, కానీ లెవల్‌ను ముందుకు నెట్టవు. కాబట్టి ఆర్మరర్‌ను మైనర్‌గా ఉంచి, సుత్తులు కొని రిపేర్ చేస్తూ పోవడమే చవకైన దారి. శత్రువులేమో మన లెవల్‌ను చూసి పెరుగుతారు, మన బోనస్‌ను చూసి కాదు; అందుకే బోనస్ తక్కువైతే మనం వెనకబడతాం.

ఎండ్యూరెన్స్ ముందే పెంచాలి. లెవల్‌కు వచ్చే హెల్త్ దానిలో పదో వంతు: 40 ఉంటే 4, 100 ఉంటే 10. ఆలస్యంగా పెంచితే పాత లెవల్స్‌లో పోయింది తిరిగి రాదు.

స్కైరిమ్‌లో ఈ గోల లేదు: లెవల్‌కు హెల్త్, మ్యాజికా (మంత్రశక్తి), స్టామినాలో ఒకదానికి +10, ఒక పెర్క్ (ప్రత్యేక సామర్థ్యం). అక్కడ కూడా స్పీచ్, లాక్‌పికింగ్‌తోనే లెవల్ ఎక్కితే యుద్ధంలో దెబ్బ తప్పదు.

2025లో వచ్చిన ఆబ్లివియన్ రీమాస్టర్‌లో (మెరుగుపరిచిన కొత్త వెర్షన్) లెవల్‌కు 12 పాయింట్లు నేరుగా ఇస్తారు, ఒక యాట్రిబ్యూట్‌కు గరిష్ఠంగా 5. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా ఓటు దానికే.