నల్గొండ ఎండల్లో షాతో మార్గో బాటిల్ దాచేదెట్లా?

మా బావ ప్యారిస్ నుంచి వస్తూ షాతో మార్గో 2010 రెడ్ వైన్ తెచ్చి నా చేతిలో పెట్టాడు, నాలుగేళ్ల తర్వాత వచ్చే మా అక్కావాళ్ల 25వ పెళ్లిరోజుకే తెరవాలట. మాది నల్గొండ, మే నెలలో అర్ధరాత్రి కూడా ఇల్లు చల్లబడదు. బీరువాలో పెడితే పాడవుతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1: బీరువా వద్దే వద్దు అన్నా. ఈ వైన్‌కు 12, 13 డిగ్రీలు కావాలి, వేడికి లోపలి ద్రవం పెరిగి బిరడాను పైకి నెడుతుంది, రుచి ఉడికినట్టు అయిపోతుంది. మామూలు ఫ్రిజ్ కొన్ని వారాలకైతే సరే, ఏళ్ల తరబడి పెడితే ఆ పొడిగాలికి బిరడా ఎండిపోతుంది. చిన్న వైన్ కూలర్ కొని, బాటిల్‌ను పడుకోబెట్టండి.

జవాబు 2: మీ బావగారు ఎంత మంచి బాటిల్ తెచ్చారో! 1855లో ప్యారిస్ ప్రదర్శన కోసం ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు వైన్ దళారులు అక్కడి వైన్ ఎస్టేట్లకు ర్యాంకులిచ్చినప్పుడు మొదటి శ్రేణిలో నిలిచినవి నాలుగే: లాఫీట్, లాటూర్, మార్గో, ఓ-బ్రియాన్. మూటాన్ 1973లో చేరింది. మార్గోలో ఎక్కువ భాగం కాబెర్నే సొవిన్యో ద్రాక్షే, దాని తొక్కలోని వగరు వల్లే ఇది దశాబ్దాలు నిలుస్తుంది, కాబట్టి నాలుగేళ్లు ఆగడం మంచిదే.

జవాబు 3: తెరిచే ముందురోజు నిలబెట్టండి, మడ్డి అడుగుకు దిగుతుంది. మెల్లగా గాజు జగ్గులోకి వంపి, 16–18 డిగ్రీల దగ్గర తాగండి. పక్కన కారం దట్టించిన నాటుకోడి మాత్రం వద్దు, మిరియాలతో వేయించిన మటన్ పెట్టండి.

అడిగినవారు: థాంక్స్ అన్నా, కూలర్ ఈ వారమే తెస్తా.