అప్‌డేట్: తీగచుట్ట పొడవు లెక్క తేలింది

అనంతపురం దగ్గరి మా చీనీ తోట కంచెకు తెచ్చిన 25 కిలోల జీఐ (జింకు పూత వేసిన ఉక్కు) తీగచుట్టను విప్పకుండానే దాని పొడవు కనుక్కోవడం ఎలాగని ఇంతకుముందు అడిగాను. ఉక్కు సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 7.85 గ్రాములు కాబట్టి, బరువును దానితో భాగిస్తే ఘనపరిమాణం, ఆ ఘనపరిమాణాన్ని తీగ అడ్డుకోత వైశాల్యంతో భాగిస్తే పొడవు వస్తుందని మీరు చెప్పిన పద్ధతి సరైనదే. పొరపాటు నాదే. 2.5 మిల్లీమీటర్ల వ్యాసాన్నే వ్యాసార్ధం అనుకొని వర్గం చేయడంతో వైశాల్యం నాలుగింతలై, పొడవు 162 మీటర్లకు పడిపోయింది. సరిచేస్తే 649 మీటర్లు వచ్చింది.

అయినా చుట్టకున్న చీటీ మీది బరువు, మందం అంకెలను నమ్మబుద్ధి కాక, చుట్ట చివర సరిగ్గా పది మీటర్లు కత్తిరించి వంటింటి కాటా మీద పెట్టాను. 385 గ్రాములు ఉండాల్సింది 392 తూగింది, అంటే తీగ అసలు మందం 2.52 మిల్లీమీటర్లు. పైనున్న జింకు పూత సాంద్రత కొంచెం తక్కువే గానీ, పూత అంత పలుచనైనప్పుడు దాన్ని వదిలేయవచ్చు. కత్తిరించక ముందే చుట్టను పెద్ద కాటా మీద తూచి ఉంచాను, 24.6 కిలోలే ఉంది. మీటరుకు 39.2 గ్రాముల చొప్పున అది దాదాపు 627 మీటర్లు. 200 మీటర్ల గట్టు వెంబడి మూడు వరుసలకు 600 పోగా, ముడులకు మిగిలేది 27 మీటర్లు.