ఓడింది వాళ్లయితే దుఃఖం మనదెలా అయింది?

ప్రశ్న:
క్రికెట్‌లో న్యూజీలాండ్ జట్టును నేను ఇరవై ఏళ్లకు పైగా అభిమానిస్తున్నాను. ఆ దేశంతో నాకు ఏ సంబంధమూ లేదు. చిన్నప్పుడు ఒక మ్యాచ్‌లో వాళ్ల ఫీల్డింగ్ చూసి మనసు పారేసుకున్నాను, అంతే. 2019 జూలై 14న లార్డ్స్‌లో జరిగిన ప్రపంచ కప్ ఫైనల్‌లో న్యూజీలాండ్, ఇంగ్లండ్ రెండూ 241 పరుగులే చేశాయి. విజేతను తేల్చడానికి చెరో ఓవర్ ఆడించే సూపర్ ఓవర్‌లోనూ చెరి 15 పరుగులు చేసి సమానంగా నిలిచాయి. చివరికి బౌండరీలు ఎక్కువ కొట్టిన జట్టు అన్న లెక్కతో ఇంగ్లండ్‌ను విజేతగా ప్రకటించారు. సూపర్ ఓవర్ ఆఖరి బంతికి రెండో పరుగు కోసం పరుగెత్తిన న్యూజీలాండ్ బ్యాటర్ గప్టిల్ క్రీజు చేరకముందే ఇంగ్లండ్ వికెట్ కీపర్ బట్లర్ వికెట్లను పడగొట్టిన ఆ క్షణం తలచుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. ఆ రాత్రి మా అన్నయ్య, “ఓడింది వాళ్లు కదరా, నువ్వెందుకు ఏడుస్తున్నావు?” అని అడిగాడు. నా దగ్గర సమాధానం లేకపోయింది. మీరైతే ఏం చెప్పేవారు?

మొదటి సమాధానం:
మీ అన్నయ్యగారి ప్రశ్నలోని ‘వాళ్లు’ అన్న మాట మీదే అసలు విషయమంతా ఉందండీ. అమెరికాలో రాబర్ట్ చాల్డీని అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1976లో ఒక పరిశోధన ప్రచురించారు. తమ విశ్వవిద్యాలయం అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు గెలిచాక విద్యార్థులు దాని పేరున్న దుస్తులు ఎక్కువగా వేసుకుని వచ్చేవారనీ, గెలిచిన ఆట గురించి చెప్పేటప్పుడు ‘మనం’ అనే మాట ఎక్కువగా వాడేవారనీ అందులో తేలింది. గెలుపులో కలుపుకోవడం, ఓటమిలో దూరం జరగడం మనుషులకు అంత సులువు. మీరు ఓడిన రాత్రి కూడా ఆ ‘మనం’ వదులుకోలేదు కాబట్టే ఆ దుఃఖం మీదైంది. తెలుగులో ‘మేము గెలిచాం’ అంటే ఎదుటివాడు బయట ఉండిపోతాడు. అభిమాని తోటి అభిమానితో ‘మనం గెలిచాం’ అంటాడు, ఆ మాటలో ఎదుటివాడికీ చోటు ఉంటుంది.

రెండవ సమాధానం:
ఎదురుచూపు గురించి ఒక్క మాట చెప్పాలనిపించింది. అమెరికా బేస్‌బాల్‌లో షికాగో కబ్స్ జట్టు 1908లో ఆ ఆటలో అతిపెద్ద టైటిల్ అయిన వరల్డ్ సిరీస్ గెలిచింది, మళ్లీ గెలిచింది 2016లో. మధ్యలో 108 ఏళ్లు గడిచాయి. పుట్టినప్పటి నుంచి పోయేదాకా ఒక్క గెలుపూ చూడకుండానే వెళ్లిపోయిన అభిమానులు ఎందరో. ఆ గెలుపు నాటి రోజుల్లో జనం కబ్స్ సొంత మైదానమైన రిగ్లీ ఫీల్డ్ బయటి ఇటుక గోడ దగ్గరికి సుద్దముక్కలతో వచ్చి, ఆ రోజును చూడలేకపోయిన తమవాళ్ల పేర్లు రాశారు. ఒక పేరు పక్కన మరో పేరు, చేయి అందినంత ఎత్తు వరకు. అది చదివిన దగ్గర నుంచి, నా జట్టు ఓడినప్పుడు ‘ఇన్నేళ్లు వృథా చేశాను’ అని అనుకోవడం మానేశాను.

మూడవ సమాధానం:
పై ఇద్దరితో ఏకీభవిస్తాను గానీ, ‘మనం’ అన్నాక బాధ్యత కూడా మన మీద పడుతుంది. 1996 మార్చి 13న కలకత్తాలోని ఈడెన్ గార్డెన్స్‌లో, ప్రపంచ కప్ సెమీఫైనల్‌లో, శ్రీలంక ఇచ్చిన 252 పరుగుల లక్ష్యాన్ని ఛేదిస్తూ భారత్ 8 వికెట్లకు 120 పరుగుల దగ్గర కుప్పకూలినప్పుడు, ప్రేక్షకులు సీసాలు విసిరి, స్టాండ్లలో నిప్పు పెట్టారు. మ్యాచ్ ఆపేసి శ్రీలంకకు గెలుపు ఇచ్చేశారు. క్రీజులో మిగిలిన వినోద్ కాంబ్లీ కన్నీళ్లతో నడిచి వెళ్లాడు. అభిమానం ఉన్నవాళ్లే ఆ నిప్పు పెట్టారు. మైదానంలో ఏడుస్తున్న మనిషి కంటే తన బాధే పెద్దదని నమ్మే అభిమానాన్ని నేను భక్తి అనలేను.

ప్రశ్న అడిగినవారు:
ముగ్గురికీ కృతజ్ఞతలు. ఆ మ్యాచ్ తర్వాత, అదే ఏడాది అక్టోబరులో, బౌండరీల లెక్క నియమాన్ని తీసేశారు. ఆ వార్త చదివిన రోజు నాకు ఊరట కలగలేదు, ఆలస్యంగా వచ్చిందని కోపమే వచ్చింది. మూడవ సమాధానం చదివాక ఆ రోజు వికెట్ల దగ్గర పడిపోయిన గప్టిల్ గురించి మొదటిసారి ఆలోచించాను. ఆ సూపర్ ఓవర్‌ను నేను ఇంతవరకు మళ్లీ చూడలేదు. ఈ ఆదివారం అన్నయ్యను పక్కన కూర్చోబెట్టుకుని చూస్తాను.